లైను

మా మధురానగర్‌లో సాయంకాలము టీ కొట్టు వద్ద నిలుచున్నచో ఎవరో యొకరు సినిమాకథ చెప్పుచుండుట వినబడును. ఫిలింనగర్ ఎంతో దూరము కాదు గదా! మొన్న నా పూర్వశిష్యు డొకడు ఎదురుపడి, "మాస్టారూ, లైను దొరికిందండీ" అనెను. లైననగా వారి వాడుకలో కథాబీజము. "చిన్నప్పుడే మొగుడు పోయిన పిల్ల. ఊరినెదిరించి మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది."

"ఆ పిల్లకేం కావాలి?" అంటిని.

"పెళ్ళేనండీ."

"అది మనకు కావాలి. ఆమెకో?"

వాడు మాటాడలేదు. వానిని మందలించు నర్హత నాకు లేదు. ఇరువదేండ్ల క్రిందట నేనును మా పెద్దమేనత్తను గూర్చి అట్టి కథయే వ్రాసితిని. ఆమె పదునెనిమిదవయేట వైధవ్యము పొంది, జీవితమంతయు మా తాతగారి యింటనే గడపెను. నా కథలో నామె తెల్లచీర కట్టి పెరటిలో నిలిచి పుటలకొలది విలపించెను. నడుమ నడుమ వీరేశలింగముగారి వాదములను వల్లించెను. చదివి వినిపింపగా మా అమ్మ, "ఎవర్రా ఈవిడ?" అని అడిగెను.

"అత్తయ్యేనమ్మా."

"మా వదిన ఇంత ఏడవలేదురా. మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పేపరు తీసుకుని చదివేది. ఆయన పెట్టిన మడతలోనే మళ్ళీ పెట్టేసేది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మడత యెందులకు? చదువవలదని తాతగారు శాసించిరా? లేక తెలిసియే పేపరును చేతికందునట్లు విడిచి నిద్ర నటించిరా? భోజనములవేళ మగవారు ఏదో వార్తను తప్పుగా చెప్పి వాదులాడుచుండగా, నిజ మెరిగియు పెదవి విప్పక మజ్జిగ వడ్డించుచున్న మనిషి నాకు కనబడినది. ఒకనాడు నోరు జారి ఆమె వారిని దిద్దినచో? వైధవ్య మామెకు వచ్చిపడినది. ఆ మడత మాత్ర మామె చేసినది. తెల్లవారి నా కథను చించివేసితిని.

గురజాడ అప్పారావుగారి యెదుట నున్నది లైను గూడ కాదు, ఉత్త లెక్క. 1897 నాటి కన్యాశుల్కపు ఆంగ్లపీఠికలో ఆయన దానిని పేర్కొనిరి. ఆనందగజపతి మహారాజుగారి కోరికపై విశాఖపట్టణము జిల్లాలో లెక్కింపగా మూడేండ్లలో 1,034 శుల్కవివాహములు తేలెను. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఈ పట్టిక నా చేత బడియుండిన ఎంత యేడ్పు వ్రాసియుందునో! ఆయన అమ్ముడుబోవు సుబ్బిని రంగముపై నంతగా నిలుపలేదు. ఆడువేషము వేసిన శిష్యుని లుబ్ధావధానులకు కట్టబెట్టించి మనల నవ్వించిరి.

ఆ పట్టికలో లేని మధురవాణిని మాత్రము వదలలేకపోయిరి. 1909 నాటి ప్రతిలో ఆమె పాత్ర ఎంతో పెరిగినది. నాటి సంస్కర్తలకు భోగముస్త్రీ యొక సమస్య. అట్టివారి మొగము చూడనని పట్టుబట్టిన సౌజన్యారావు పంతులు ఎదుటికి ఆమె మగవేషమున వచ్చి కూర్చుండి మాటాడును. పాపము, ఆ పెద్దమనిషికి సమస్య ముందుగా తెలిసినది, మనిషి తరువాత ఎదురైనది. 1955 నాటి చిత్రములో ఆ వేషము సావిత్రి ధరించినది.

ఇదంతయు శిష్యునికి చెప్పితిని. పేపరు మడత తానుపయోగించుకొందునని యడిగెను, ఇవ్వనంటిని.

వారము గడచినపిదప మరల కనబడెను. "మా పిల్ల రాత్రిపూట దొంగతనంగా సైకిలు నేర్చుకుంటోందండీ. ఎక్కడికి పోదామనో నాకింకా తెలీదు."

"మరి పెళ్ళి?"

"ఆమెను ఇంకా అడగలేదండీ."