కాగితంలో ఒకరు, కూడికలో ఒకరు

 

పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి. అమీర్‌పేటలో ఒకే హాస్టల్ గదిలో ఉండే నలుగురం చాలా రోజులుగా మాట్లాడుకున్న మాటలు ఇవి. ముగ్గురం భద్రాచలం ఏజెన్సీ కోయ పిల్లలం, ఒకడు అల్లూరి జిల్లా కొండదొర. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మొదట మేమే. నలుగురివీ క్రైస్తవ కుటుంబాలే. టైపు చేస్తున్నది మాలో చిన్నోడు, ఇరవై ఏళ్ళు. మాటలు మాత్రం అందరివీ.

ఈ గ్రూపులో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువని తెలుసు. ఇది మతం గురించి కదా అని దాటేయకండి. విషయం రెండు మనసుల గురించి. అది అందరికీ ఉండే జబ్బే.

యాకోబు పత్రికలో ద్విమనస్కుడు అనే మాట రెండు చోట్ల వస్తది, 1వ అధ్యాయంలో ఒకసారి, 4వ అధ్యాయంలో ఒకసారి. గ్రీకులో ఆ మాటకు రెండు ప్రాణాలున్నవాడు అని అర్థం. మన మందిరాల్లో దీని మీద వాక్యం చెప్తే ఎక్కువగా ప్రార్థనలో అనుమానం గురించే చెప్తారు. దేవుడు ఇస్తాడో ఇవ్వడో అని ఊగేవాడు అని. అది నిజమే. కానీ ఆ పత్రిక మొత్తం ఐదు అధ్యాయాలే, ఒక గంటలో అయిపోతది, ఒకేసారి కూర్చుని చదివి చూడండి. అందులో ఏమున్నయి? కూడికలో డబ్బున్నవాడికి ముందు కుర్చీ వేసి పేదవాడిని కింద కూర్చోబెట్టడం గురించి ఉంది. ఒకే నోటితో దేవుణ్ణి పొగిడి, మనిషిని శపించడం గురించి ఉంది. చేలో కోత కోసిన కూలీలకు కూలి ఎగ్గొట్టిన ఆసాముల గురించి ఉంది. అవును అంటే అవును, కాదు అంటే కాదు అన్నట్టు బతకమని ఉంది. అంటే ఆయన చెప్పే రెండు మనసులు ప్రార్థనలో మాత్రమే ఉండేవి కావు. కూలి దగ్గర, కుర్చీ దగ్గర, మాట దగ్గర బయటపడేవి.

ఇక అమీర్‌పేట సంగతి. ఇక్కడికి రానివాళ్ళ కోసం చెప్తున్నాం. మెట్రోలో ఎర్ర లైను, నీలం లైను కలిసే స్టేషన్ ఇది. దిగి మైత్రీవనం వైపు నడిస్తే గోడ ఖాళీ కనపడదు. జావా, పైథాన్, శాప్, డెవాప్స్, టెస్టింగ్ బోర్డులే. మెట్లు ఎక్కే చోట కూడా పాంప్లెట్లు చేతిలో పెడతారు. ఇక్కడ నిజంగా నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పొద్దున ఆరున్నరకే క్లాసు మొదలుపెట్టే సార్లు ఉన్నారు. మా ఊళ్ళల్లో కంప్యూటర్ ముట్టుకోని పిల్లలు ఇక్కడ మూడు నెలలు కూర్చుని ఉద్యోగం కొట్టిన మాట నిజం.

దాని పక్కనే ఇంకో వ్యాపారం కూడా ఉంది. అది కూడా అందరికీ తెలిసిందే, పోలీసులు పట్టుకున్నప్పుడల్లా పేపర్లో వస్తనే ఉంటది. ఎక్స్‌పీరియన్స్ అమ్ముతారు. కాగితం మీద మాత్రమే ఉండే కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇస్తారు. వెరిఫికేషన్ ఫోన్ వస్తే ఎత్తి అవును, మా దగ్గరే చేశాడు అని చెప్పడానికి ఒక మనిషి కూడా ఉంటాడు. ఫ్రెషర్‌కి తలుపు తీయని కంపెనీలు మూడేళ్ళ అనుభవం ఉందంటే తీస్తయి కదా, ఆ సందులో నడిచే వ్యాపారం.

మాలో పెద్దన్నకు డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. అన్నను ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పిలిచారు. పేరు ఇక్కడ వద్దు. సగం ముందు కట్టు, సగం ఉద్యోగం వచ్చాక జీతంలో ఇవ్వు అన్నారు. అన్నకు ఇంటి దగ్గర మిర్చి మీద చేసిన అప్పు ఉంది, నర్సింగ్ చదివే చెల్లెలు ఉంది. నాలుగు రోజులు టైం ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ మా గదిలో వేరే మాట లేదు.

భయం ముందు మాట్లాడింది. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చింది, మనిషి ఎక్కడ ఎన్ని నెలలు పనిచేసాడో అందులో కనపడుతది, దొరికితే ఉద్యోగం పోతది. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో మోసం, ఫోర్జరీ, దొంగ కాగితాన్ని అసలుదిగా వాడటం అన్నీ నేరాలే. ఇవన్నీ మాట్లాడుకున్నాం. కానీ ఒకడు అడిగాడు: దొరకం అని గ్యారంటీ ఇస్తే చేస్తామా? అందరం కాసేపు గమ్మునున్నాం. భయం ఒక్కటే కారణమైతే, భయం పోయినరోజు ఆ కారణం కూడా పోతది.

అప్పుడు కొండదొర తమ్ముడు చెప్పిన మాట మాకు బైబిల్ వాక్యం కన్నా ముందు తగిలింది. వాళ్ళ తాత భూమి గురించి చెప్పాడు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి పోకూడదని 1/70 చట్టం ఉంది. అయినా భూములు ఎట్లా పోయినయి? బినామీ మీద. కాగితంలో మనవాడి పేరు, పొలంలో ఇంకొకడి నాగలి. దొంగ ఎస్టీ సర్టిఫికెట్లు కూడా అంతే కదా. కాగితంలో కోయ, కొండకాపు, ఎరుకల. మనిషి మాత్రం వేరే. ఆ సర్టిఫికెట్లు రద్దు చేయమని మనం ఐటీడీఏల ముందు కూర్చుంటాం, ఈ గ్రూపులోనే ఎన్ని పోస్టులు పెట్టుకున్నాం. దొంగ సర్టిఫికెట్ల మీద 1993లో చట్టమే తెచ్చుకున్నారు. పేరు ఒకటి, మనిషి ఒకడు అయ్యే కాగితం వల్ల ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది మనమే. అట్లాంటి కాగితాన్ని మనమే డబ్బులిచ్చి కొంటే, రేపు మన సీటు కొట్టేసినవాణ్ణి ఏమని అడుగుతాం?

అన్న ఫోన్ చేసి వద్దన్నాడు. ఇప్పుడు పంజాగుట్టలో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు, పద్నాలుగు వేలు. ఇక్కడ అంతా మంచే జరిగింది అని రాస్తే అది కూడా దొంగ కాగితమే అవుతది. అప్పు అట్లానే ఉంది. అదే కన్సల్టెన్సీకి పోయిన మా వైపు కుర్రాడు ఒకడు ఇంటికి నెలకు నలభై వేలు పంపుతున్నాడు. వాళ్ళ ఊళ్ళో కృతజ్ఞత కూడిక పెట్టి, దేవుడు ఉద్యోగం ఇచ్చాడని అతనితో సాక్ష్యం చెప్పించారు. మాకు ఆ కుర్రాడి మీద కోపం లేదు, అతని ఇంటి పరిస్థితి తెలుసు. కానీ సాక్ష్యం అనే మాట మీద మాత్రం మనసు ఆగింది. కోర్టులోనూ సాక్ష్యమే అంటాం, మందిరంలోనూ సాక్ష్యమే అంటాం. ఒక చోట అబద్ధం చెప్పకూడదని, రెండో చోట చెప్పినా పర్వాలేదని ఎక్కడా లేదు.

ఇక రెండో కాగితం, మతం కాలమ్. ఇది మన క్రైస్తవ పిల్లలు బాగా వినాలి. అప్లికేషన్ నింపేటప్పుడు మతం దగ్గర పెన్ను ఆగుతది. క్రైస్తవులని రాస్తే ఎస్టీ పోతదని ఊళ్ళల్లో పెద్దలే భయపెడతారు. చాలామంది ఆ భయంతో వేరేది రాస్తారు. చట్టం ఏముందో చూడండి. 1950లో రెండు ఉత్తర్వులు వచ్చినయి. ఎస్సీల ఉత్తర్వులో మూడో పేరాలో మతం షరతు ఉంది. మొదట హిందువులు, తర్వాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. ఎస్టీల ఉత్తర్వులో అట్లాంటి మతం షరతే లేదు. 2004లో కేరళ నుంచి పోయిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా మతం మారినంత మాత్రాన తెగ పోదని చెప్పింది. అయితే ఆ మనిషి ఇంకా తెగ ఆచారాలు, కట్టుబాట్లలో ఉన్నాడా, తెగ మనిషిగానే ఉన్నాడా అన్నది చూడాలన్నది. అంటే మన హోదా నిలబడేది మతం దాచడం వల్ల కాదు, తెగను వదలకపోవడం వల్ల. మతం మారినవాళ్ళను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. అది వేరే పోరాటం. కానీ ఇవాళ్టి చట్టం ప్రకారం మనం దాచుకోవలసిన అవసరం లేదు. అవసరం లేని చోట కూడా దాచుకుంటే అది అలవాటైపోతది.

పక్క గదిలో ఎస్సీ మిత్రుడు ఉన్నాడు. వాడి పరిస్థితి ఇది కాదు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని సుప్రీంకోర్టు అన్నది. వాడు అడుగుతాడు, మందిరంలో కూర్చున్నరోజు నుంచి మా వాడలో మమ్మల్ని అంటరానితనం వదిలిందా అని. మా దగ్గర జవాబు లేదు. చట్టమే ఒక మనిషిని కడుపుకూ నమ్మకానికీ మధ్య నిలబెట్టినప్పుడు, సుఖంగా ఉన్నవాళ్ళం వాణ్ణి ద్విమనస్కుడు అని పిలవడం తప్పు. యాకోబు కూడా కూలి ఎగ్గొట్టిన ఆసాములను తిట్టాడు.

అయితే ఏది రెండు మనసులు, ఏది కాదు? కొంతమంది బోధకులు రేల పాట పాడొద్దంటారు, కొమ్ము నాట్యం ఆడొద్దంటారు, కోయగా ఉంటే సగం క్రైస్తవుడే అంటారు. మేం ఒప్పుకోం. రెండు భాషలు రావడం రెండు మనసులు కాదు. కోయలో ఏడ్చి తెలుగులో ప్రార్థన చేసుకునేది ఒకే మనిషి. ఫోన్‌లో అమ్మతో కోయ మాట్లాడటానికి కారిడార్ చివరిదాకా పోయి గొంతు తగ్గించే పిల్లలు ఈ హాస్టళ్ళలో ఉన్నారు. దాచడం అక్కడ మొదలవుతది. ఇది క్రైస్తవులకే కాదు, గ్రూపులో అందరికీ చెప్తున్నాం.

బైబిల్లో నయమాను కథ ఉంది. సిరియా రాజు సేనాపతి. కుష్ఠు పోయాక ఇశ్రాయేలు దేవుణ్ణే నమ్ముతానన్నాడు. కానీ ఎలీషాకు ఒక మాట దాచకుండా చెప్పాడు: మా రాజు రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకుని వంగుతాడు, నేనూ వంగాల్సి వస్తది, దానికి క్షమాపణ కావాలి అని. ఎలీషా అతన్ని తిట్టలేదు, సమాధానంతో పంపాడు. నయమాను కష్టంలో ఉన్నాడు, కానీ రెండు మనసుల్లో లేడు. ఎందుకంటే తన ఇబ్బందిని దేవుని మనిషి ముందు విప్పి చెప్పాడు.

మా హాస్టల్లో వినాయక చవితి చేస్తారు. అన్నదానానికి చందా ఇస్తాం, బియ్యం బస్తాలు మోస్తాం, వడ్డిస్తాం. పూజలో కూర్చోం. ఎందుకని అడిగితే మర్యాదగా చెప్తాం. ప్రసాదం మాలో ఇద్దరు తింటారు, ఇద్దరు తినరు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు ఇట్లాంటి దాని గురించే మూడు అధ్యాయాలు రాసాడు, కాబట్టి నలుగురం ఒకేలా ఉండాలని పట్టుబట్టం. ఒక్కటే కట్టుబాటు: ఇక్కడ తిని, ఊళ్ళో తినలేదని చెప్పొద్దు.

మన హైదరాబాదులోనే గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. అక్కడ ఉండి సేవ చేసిన భక్తసింగ్‌గారు 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి విదేశాలకు పోయి, 1932లో కెనడాలో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో బొంబాయి ఓడరేవులో దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చారు. ఇంటి పరువు కోసం ఆ సంగతి బయటికి చెప్పకుండా ఉండమని తండ్రి అడిగారు. నమ్మకం వదిలేయమనలేదు, దాచమన్నారు, అంతే. ఆయన కుదరదన్నారు. తల్లిదండ్రులు ఆయన్ను అక్కడే వదిలి పోయారు. ఆయన 2000లో చనిపోయేదాకా ఏ పేరుతో బతికారో అదే పేరుతో బతికారు. తండ్రి కూడా తర్వాత నమ్మకంలోకి వచ్చారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. అది మనకు హామీ కాదు. అందరి తండ్రులూ అట్లా మారరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అందరూ రేపే అన్నీ బయట పెట్టేయాలని మేం అనట్లేదు. చెప్తే ఇంట్లోంచి గెంటేసే పరిస్థితి ఉన్న చెల్లెళ్ళు ఉన్నారు, వాళ్ళు సమయం చూసుకోవాలి. చెప్పకుండా ఉండటం వేరు, అడిగితే లేదనడం వేరు, లేనిదాన్ని ఉందని కొనుక్కోవడం ఇంకా వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టొద్దు.

మా గదిలో ఇప్పుడు ఒక పని చేస్తున్నాం. ఎవరు ఏ ఫారం నింపినా, రెజ్యూమె పంపినా, పంపేముందు ఇంకొకడు చదువుతాడు. ఒక్కడే ఉన్నప్పుడు మనసు రెండవుతది, ఇద్దరు చూస్తే ఒకటవుతది. పెద్దన్న రెజ్యూమెలో ఇప్పుడు ఎక్స్‌పీరియన్స్ దగ్గర ఐదు నెలలు అని ఉంది. తక్కువే. కానీ ఫోన్ చేసి ఎవరిని అడిగినా అంతే చెప్తారు.

టెస్టింగ్‌లోగానీ, సపోర్ట్‌లోగానీ ఫ్రెషర్లను నిజంగా తీసుకునే చోట్లు తెలిసిన అన్నలు, అక్కలు ఉంటే దయచేసి కింద రాయండి. అన్న ఒక్కడే కాదు, ఈ వీధిలో అట్లాంటివాళ్ళు మనవాళ్ళే చాలామంది ఉన్నారు. దొంగ దారి వద్దని చెప్పడం తేలిక. మంచి దారి చూపించే పని కూడా మనమే చేసుకోవాలి.

జోహార్.