పూడిక తీసే పని

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయకపోతే ఏమవుతుందో దివిసీమ శివారు రైతులకి బాగా తెలుసు. ముందు నీళ్లందనిది వాళ్ల చేలకే.

నేను రోజూ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌దీ అదే వరస. ఒక రికార్డు మారిస్తే పాతది వెంటనే చెరిగిపోదు, లోపలే పడి ఉంటుంది. అవి పేరుకుంటే వేగం తగ్గుతుంది. వాటిని శుభ్రం చేసే పని పేరు వాక్యూమ్. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి అది మనం చెప్పకుండానే నడుస్తోంది.

బగ్గుల దిద్దుబాట్లూ మూడు నెలలకోసారి వస్తూనే ఉంటాయి. 2024 నవంబరు 14న ఇచ్చినదానితో కొన్ని ఎక్స్‌టెన్షన్లకి ఇబ్బందొస్తే, 21నే ఇంకోటి ఇచ్చి సరిచేశారు.

కొత్త ఫీచర్ల గురించి అందరం మాట్లాడుకుంటాం. నీళ్లు పారుతున్నంతసేపూ పూడిక కనపడదు. అందుకే ‘అప్‌డేట్ తర్వాత చూద్దాంలే’ అని మా టీంలో ఎవరన్నా అంటే నేను మాత్రం ఒప్పుకోను.