పాత ఫోను, అమ్మ గొంతు

2024 జనవరిలో, భోగి ముందురోజు సాయంత్రం, మా ఇంట్లో అందరూ కలిసి నా స్మార్ట్‌ఫోనుకు మరణశిక్ష విధించారు. “రేపు తెల్లవారుజామున పాత తట్టాబుట్టాతోపాటు దీన్ని కూడా మంటలో వేసెయ్యి” అని మా వారు హాస్యమాడారు. అందులో అన్యాయమేమీ లేదు. ఎవరైనా నాకు ఫోను చేస్తే, పేరు తెరమీద కనబడేలోగా అవతలివారు విసుగెత్తి పెట్టివేసేవారు. నిఘంటువు తెరవమని వ్రేలితో తాకి, వంటింట్లోకి వెళ్లి పాలు దింపి వచ్చినా, అది ఇంకా తెరుచుకొనే ప్రయత్నంలోనే ఉండేది.

“పిన్నీ, దీనికి ముసలితనం రాలేదు. మోయలేని బరువు పెట్టారు, అంతే” అన్నాడు మా అక్క కొడుకు. ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్న ఆ కుర్రవాడు పండుగ సెలవులకు విజయవాడలోని మా ఇంటికి వచ్చాడు.

ఆ ఫోనును నేను వదలలేకపోవడానికి పొదుపు ఒక కారణమే గాని, అసలు కారణం వేరు. అందులో మా అమ్మ గొంతు ఉంది.

నేను ఆంగ్ల సాహిత్యంలో పట్టం పుచ్చుకొని, అనువాదాన్ని వృత్తిగా స్వీకరించినదాన్ని. థామస్ హార్డీ 1874లో ప్రకటించిన ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’ నవలలో కొన్ని అధ్యాయాలు తెనిగించే పని ఒకప్పుడు పెట్టుకొన్నాను. అందులో ఒక తుఫాను రాత్రి, గొర్రెల కాపరి గేబ్రియల్ ఓక్ యజమానురాలి పంటను వానకు తడవకుండా కప్పి కాపాడతాడు. నేను ‘గడ్డివాములు’ అని వ్రాసి, కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో అమ్మకు చదివి వినిపించాను.

“ఇంకా గింజ రాల్చలేదంటున్నావుగా? అయితే అది వామి కాదే, కుప్ప. నూర్చిన తరవాత మిగిలిన గడ్డిని పేరిస్తే వామి. వామి తడిస్తే గొడ్డుకు నష్టం, కుప్ప తడిస్తే ఇంటికి నష్టం” అన్నది అమ్మ.

విశ్వవిద్యాలయం నాకు నేర్పని పాఠమది. నాటినుంచి వెళ్లినప్పుడల్లా ఆమె మాటలను ఫోనులో రికార్డు చేయసాగాను. 2021లో ఆమె పోయేనాటికి 41 సంభాషణలు పోగయ్యాయి. మరొకచోట భద్రపరచాలని ఎన్నోసార్లు అనుకొన్నాను. కాని వాటిని తెరిస్తే వినాలి. వినే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రాత్రి మావాడు ఫోను మందగించడానికి గల కారణాలను విడమరచి చెప్పాడు. అది 2018లో కొన్నది. పని చేసుకొనే జ్ఞాపకశక్తి 3 జీబీ, దాచుకొనే చోటు 32 జీబీ. కాలక్రమేణా అనువర్తనాలన్నీ పెద్దవైనాయి. తయారీదారు తానుగా చేర్చిన అనువర్తనాలు, నేను ఒక్కసారైనా తెరవనివి, తెర వెనుక నడుస్తూనే ఉన్నాయి. దాచుకొనే చోటు దాదాపు నిండిపోయింది. ఫోనులలోని ఫ్లాష్ మెమరీ పలకవంటిది. వ్రాసినదాని మీదనే మళ్లీ వ్రాయడం కుదరదు, ముందు తుడవాలి. ఖాళీ తగ్గినకొద్దీ, ఉన్నవాటిని ప్రక్కకు జరిపి, తుడిచి, తరువాత వ్రాయవలసి వస్తుంది. ఇక 2020 తరువాత తయారీదారు ఆ నమూనాకు కొత్త సవరణలు పంపడమే మానివేశాడు.

దీనికి మావాడు సూచించిన విరుగుడు కస్టమ్ ఫర్మ్‌వేర్. 1967లో ఆషర్ ఓప్లర్ ‘డేటామేషన్’ పత్రికలో ‘ఫర్మ్‌వేర్’ అనే మాటను ప్రవేశపెట్టాడు. యంత్రభాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ ఉండేదని నాడు అర్థం. నేడు ఫోనులో తయారీదారు నింపి పంపే మూల వ్యవస్థనంతటినీ అలా వ్యవహరిస్తున్నారు. ఆండ్రాయిడ్ మూలపాఠాన్ని 2008 అక్టోబరులో అందరికీ బహిరంగం చేశారు. దానిని ఆధారం చేసుకొని స్టీవ్ కాండిక్ 2009లో సయనోజెన్‌మాడ్‌ను ప్రారంభించాడు. 2016 డిసెంబరులో అది నిలిచిపోగా, స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు లీనియేజ్ ఓఎస్ పేరుతో ఆ పనిని కొనసాగించారు. లీనియేజ్ అంటే వంశక్రమం. ఆ పేరు వినగానే నాకు తెలియకుండానే సగం అంగీకరించాను.

తరువాత మావాడు చెప్పిన సంగతి నన్ను నిలువునా కలవరపెట్టింది. కొత్త వ్యవస్థను ఎక్కించాలంటే బూట్‌లోడర్ అనే తాళం తీయాలి. ఆ తాళం తీసిన మరుక్షణం ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

భోగినాటి మధ్యాహ్నం తీగె తగిలించి, ఛాయాచిత్రాలు, రికార్డింగులు అన్నీ కంప్యూటరులోకి దింపాము. “అయిపోయింది పిన్నీ, ఇక తాళం తీయనా?” అన్నాడు వాడు. “ఆగు, లెక్కపెడదాం” అన్నాను. అనువాదకులకు ఒక అలవాటు ఉంటుంది. పని ముగిశాక మూలంలోని పేరాలను, అనువాదంలోని పేరాలను లెక్కపెడతాము. ఎక్కడ ఒకటి జారిపోయిందో కన్ను పట్టుకోలేదు, లెక్క పట్టుకొంటుంది. ఫోనులో 41 ఉన్నాయి. కంప్యూటరులో 38 మాత్రమే తేలాయి.

వాడి ముఖం పాలిపోయింది. నడుమ ఎప్పుడో తీగె వదులై మూడు రాకుండా ఉండిపోయాయి. మళ్లీ తగిలించి ఆ మూడింటినీ దింపాము. లెక్క సరిపోయినా నాకు తృప్తి కలుగలేదు. మూడు సంవత్సరాలుగా వినలేనివాటిని ఆనాడు ఒక్కొక్కటే తెరచి, మొదలూ చివరా వింటూ సాయంకాలం వరకు కూర్చున్నాను. మావాడు మాట్లాడకుండా నా ప్రక్కనే కూర్చున్నాడు. అది వాడికి అమ్మమ్మ గొంతు గదా. అన్నీ ఒక పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించిన తరువాతనే, “ఇక కానివ్వు నాన్నా” అన్నాను.

ఆపై పని క్రమపద్ధతిలో సాగింది. ప్రతి నమూనాకు ప్రత్యేకమైన ఫర్మ్‌వేర్ ఉంటుంది. పొరుగు నమూనాది ఎక్కిస్తే ఫోను ఇటుకరాయిగా మారవచ్చు. అందువలన నమూనా పేరును రెండుసార్లు సరిచూచాము. దింపుకొన్న ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తెలిపే 64 అక్షరాల సంకేతాన్ని ప్రూఫులు దిద్దినట్లు ఒక్కొక్క అక్షరమే చదివాను. తాళం తీశాము, రికవరీ అనే చిన్న ప్రోగ్రామును మార్చాము, దాని ద్వారా కొత్త వ్యవస్థను ఎక్కించాము. మొదటిసారి తెర వెలగడానికి పట్టిన కొద్ది నిమిషాలు నాకు ఒక జాములాగా తోచాయి.

ఇప్పుడు నిఘంటువు తాకగానే తెరుచుకొంటున్నది. ఆండ్రాయిడ్ భద్రతా సవరణలు మళ్లీ రాసాగాయి. అయితే పాఠకులకు లాభం ఒక్కటే చెప్పి నష్టం దాచడం ధర్మం కాదు. మా బ్యాంకు అనువర్తనం ఈ ఫోనులో నడవనని మొరాయించింది; తాళం తీసిన ఫోనులను అటువంటివి కొన్ని నమ్మవు. గ్యారంటీ ఉన్న ఫోను అయితే దానిని పోగొట్టుకొనే ప్రమాదముంది. తాళం తీసిన ఫోను దొంగల చేతిలో పడితే రక్షణ తక్కువ. కొందరు తయారీదారులు ఆ తాళం తీయనే తీయనివ్వరు. కనుక ముందుగా అక్కరలేని అనువర్తనాలను తీసివేసి, చోటు ఖాళీ చేసి చూడడం మేలు. చాలామందికి అదే సరిపోతుంది. నేను లావాదేవీలను మా వారి ఫోనుకు అప్పగించి, దీనిని చదువుకు, నిఘంటువుకు, అమ్మ మాటలకు ఉంచుకొన్నాను.

కనుమనాడు రికార్డింగులన్నింటినీ తిరిగి ఫోనులో చేర్చాము. మావాడు ఒకదానిని తాకగానే, క్షణమైనా ఆలస్యం లేకుండా అమ్మ పలికింది. కళ్లం అలికి, కుప్ప ఎత్తి, నూర్చడం ఎలాగో చెబుతున్నది. వాడు పుట్టి పెరిగింది హైదరాబాదులో. వరికోత అంటే వాడు చూసింది యంత్రాన్నే. రెండు నిమిషాలు విని, ఫోను ఆపి, నా వైపు తిరిగాడు.

“పిన్నీ, కళ్లం అంటే ఏమిటి?”

రెండు రోజులుగా వాడు నాకు బూట్‌లోడర్ అంటే ఏమిటో ఓపికగా చెబుతున్నాడు. ఈసారి చెప్పడం నా వంతయింది.