ఒక్కరే వాడగలిగే జాక్
మా బైక్‌కి సెంటర్ స్టాండ్ లేదు. చైన్‌కి లూబ్ కొట్టాలంటే వెనక చక్రం గాల్లో తిరగాలి. ఇన్నాళ్లూ నేను బైక్ ఎత్తి పట్టుకుంటే నాన్న పని చేసేవారు. ఇప్పుడు నేను హాస్టల్లో, నాన్నకేమో నడుం నొప్పి.

జాక్ అనగానే అందరం ఎన్ని కిలోలు మోస్తుందనే చూస్తాం. నేను మాత్రం ఒక్కరే వాడగలరా అని చూశాను. ప్యాడక్ స్టాండ్ గట్టిదే, కానీ పెట్టేటప్పుడు బైక్‌ని నిటారుగా పట్టుకునే మనిషుంటేనే సులువు. సిజర్ జాక్ పెడదామంటే మా బైక్ కింద సైలెన్సర్ పైపు అడ్డం.

చివరికి చిన్న లివర్ జాక్ కొన్నాం. ఎడమవైపు సైడ్ స్టాండ్, కుడివైపు స్వింగ్ ఆర్మ్ కింద ఇది. చక్రం నేల వదిలితే చాలు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ముందు బ్రేక్ లివర్ నొక్కి తాడుతో కట్టేయాలి. చక్రం విప్పే పనికి ఇది సరిపోదు.

మొన్న నాన్న ఫోన్ చేసి, "నువ్వు లేకపోయినా పనైపోయిందిరా" అన్నారు. సంతోషమే. కొంచెం దిగులు కూడా.