భయం వచ్చిన రోజున

ప్రార్థన కూడికల్లో ఒక మాట తరచుగా వింటుంటాను. "విశ్వాసికి భయం ఉండకూడదు, భయం ఉందంటే విశ్వాసం లేనట్టే" అని. చెప్పేవారి మీద గౌరవమే గానీ ఆ మాట మాత్రం నేను ఒప్పుకోలేను. దుబాయ్ వచ్చి పదకొండేళ్లయింది. స్కాఫోల్డింగ్ పని. మేస్త్రీలు, పెయింటర్లు నిలబడటానికి పైపులతో మంచెలు కట్టేది మేమే. ఇన్నేళ్లలో నేను భయపడని నెల లేదు. ప్రార్థన మానేసిన నెల కూడా లేదు.

క్యాంపులో ఉండే సోదరులకు భయాల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఇక్కడ రాత్రి పన్నెండున్నరకు ఇమో మోగిందంటే ఊళ్లో రెండు గంటలు. ఆ వేళప్పుడు ఎవరూ కుశలం అడగడానికి చేయరు. ఏజెంటుకు కట్టిన డబ్బుకి నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది. వీసా పొడిగిస్తారో లేదో తెలియదు. జీతం పదిహేనో తారీఖు దాటినా పడకపోతే రూములో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

బైబిలు ఉన్నవారు 56వ కీర్తన తీసి పైన ఉన్న చిన్న అక్షరాలు చూడండి. ఫిలిష్తీయులు దావీదును గాతులో పట్టుకున్నప్పటిది అని ఉంటుంది. గాతు అతని ఊరు కాదు, అతను చంపిన గొల్యాతు ఊరు. సొంత రాజు చంపుతాడని పారిపోయి పరాయి రాజు దగ్గరికి పోతే అక్కడివాళ్లు గుర్తుపట్టేశారు. మొదటి సమూయేలు 21వ అధ్యాయంలో ఆ కథ ఉంది. అంత వీరుడూ భయపడిపోయి, పిచ్చివాడిలా తలుపుల మీద గీతలు గీసి, గడ్డం మీద చొంగ కార్చుకుని బయటపడ్డాడు. కీర్తనలో తనకు భయం లేదని గొప్పలు చెప్పుకోలేదు. భయం వచ్చిన రోజున ఎవరి దగ్గరికి పోతాడో చెప్పాడు.

ఇంకో రకం మాట కూడా విన్నాను. కొన్నేళ్ల క్రితం పాలకొల్లు వైపు కుర్రాడొకడు బెల్టు హుక్కు తగిలించకుండా ఆరో అంతస్తు ఎత్తులో పైపు మీద నడిచాడు. కేకేస్తే "దేవుడు చూసుకుంటాడు అన్నయ్యా" అన్నాడు. మా బెల్టుకి రెండు తాళ్లు, రెండు హుక్కులు ఉంటాయి. ముందుకు జరిగేటప్పుడు ఒకటి తీసి అవతల తగిలించాకే రెండోది తీయాలి. ఏ క్షణంలోనూ రెండూ ఊడి ఉండకూడదు. "యేసుప్రభువుని గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారులే అని చెప్పింది ఎవరురా?" అని అడిగాను. వాడికి ఆదివారపు బడి బాగానే గుర్తుంది. నవ్వి హుక్కు తగిలించాడు.

మరి భయపడ్డదే జరిగితే? 2020 మార్చి 23 నుంచి ఇండియాకు మామూలు విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో మా బ్లాకు గేటు మూసేశారు. అదే నెల రాజోలు దగ్గర మా ఊళ్లో నాన్నకు ఆయాసం ఎక్కువైంది. మూడు రాత్రులు మోకాళ్ల మీద ఉన్నాను. నాలుగో తెల్లవారుజామున ఇమో మోగింది. మనవాళ్లను తీసుకెళ్లే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. నాన్న భూస్థాపన అప్పటికి పది రోజుల క్రితమే అయిపోయింది. తమ్ముడు ఫోను ఎత్తి చూపిస్తుంటే సిగ్నలు చాలక బొమ్మ ఆగి ఆగి కనబడింది. పెట్టె దించడం నేను చూడనే లేదు.

ఆ రోజు ప్రార్థనకు నోరు రాలేదు. నా పై మంచం నిజామాబాద్ ముస్లిం తమ్ముడిది. రంజాన్ మొదలై మూడు రోజులో నాలుగు రోజులో. సాయంత్రం రోజా విడిచే వేళ తన పళ్లెంలోని ఖర్జూరాలు, అన్నం సగం తీసి నా ముందు పెట్టాడు. "జర తినన్నా. పొద్దటి సంది నువ్వు గూడ ఉపాసమే ఉన్నవ్" అన్నాడు. తిన్నాను.

చాలా రోజుల తర్వాత మొదటి రాజులు 19వ అధ్యాయం చదువుతుంటే ఆ పళ్లెం గుర్తొచ్చింది. ఏలీయా ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద పడుకుని, ఇక చావే మేలనుకున్నాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం సంగతి ఆ తర్వాతే. నాన్న ఎందుకు దక్కలేదో దేవుడు నాకు చెప్పలేదు. చెప్పాడని సాక్ష్యం ఇస్తే అది అబద్ధం అవుతుంది. ఆ రాత్రి నన్ను ఆకలితో పడుకోనివ్వలేదన్నది మాత్రం నిజం.

ఇదివరకు భయం తీసెయ్యమని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఈ పూట చేయాల్సిన పని ఏదో చూపించమని అడుగుతున్నాను. రెండేళ్ల క్రితం కంపెనీ రెండు నెలలు జీతాలు ఆపింది. ఫిర్యాదు చేస్తే ఇంటికి పంపేస్తారేమోనని అందరికీ భయం. నలుగురం కలిసి ప్రార్థన చేసుకుని, చేతులు వణుకుతూనే కార్మిక శాఖ యాప్‌లో ఫిర్యాదు పెట్టాం. ఇక్కడ 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా వేసే పద్ధతి ఉంది కాబట్టి పడని జీతం రికార్డులో తెలుస్తుంది. ఆరు వారాలకు డబ్బు వచ్చింది. నలుగురిలో ఒకరికి వీసా పొడిగించలేదు. అతను ఇంటికి వెళ్లిపోయాడు. పూర్తి జీతం చేతికి వచ్చాకే వెళ్లాడు, కానీ వెళ్లాడు.

మొన్నీమధ్య జగిత్యాల నుంచి కొత్త కుర్రాడు మా రూముకి వచ్చాడు. రాత్రుళ్లు నిద్రపోడు, వరండాలో తిరుగుతుంటాడు. ఒక రాత్రి లేచి ఫ్లాస్కులో ఉన్న చాయ్ ఇచ్చి, నీకోసం ప్రార్థన చేయనా తమ్ముడూ అని అడిగాను. "చేద్దువు గనీ, ముందుగాల నా అప్పు లెక్క చూడన్నా" అన్నాడు. కాగితం, పెన్ను తెచ్చి కూర్చున్నాం. ఎవరికి ముందు కట్టాలి, నెలకెంత పంపాలి, వడ్డీ ఎవరిది ఎక్కువ అని రాసుకుంటూ పోయాం. అది తేలేసరికి ఒంటిగంట దాటింది. తర్వాత ప్రార్థన చేశాం, రెండు నిమిషాలే. నాలుగున్నరకు బస్సు.