సచిన్: వేగానికి శ్రుతి
బొమ్మ కార్ల పందెంలో గెలిపించే విద్యే సూరత్ శివారులో మరమగ్గాలనూ నడిపిస్తోంది. రెండుచోట్లా ఇప్పుడు చెవి చేసే పని చిప్ చేతికి పోతోంది.

సచిన్ అనగానే క్రికెట్ గుర్తొస్తే ఆ తప్పు ప్రయాణికుడిది కాదు. ముంబై నుంచి సూరత్ వెళ్లే దారిలో నవ్‌సారి దాటాక, బెస్తాన్, ఉధ్నాలకు ముందు తగిలే రైల్వేస్టేషన్ పేరది. 2023లో సునీల్ గవాస్కర్ ఆ స్టేషన్ ఫొటోను సామాజిక మాధ్యమాల్లో పెట్టి, మహా క్రికెటర్ పేరు ముందే పెట్టేసిన పెద్దల ముందుచూపును సరదాగా మెచ్చుకున్నారు. ఊరు మాత్రం టెండూల్కర్ కన్నా చాలా పాతది. జంజీరా గద్దె మీద హక్కు వదులుకున్నందుకు బదులుగా ఆఫ్రికా మూలాలున్న ఒక సిద్దీ వారసుడికి 1791లో దక్కిన చిన్న సంస్థానం ఇది. హబ్షీ నవాబుల ఏలుబడి 1948లో విలీనంతో ముగిసింది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' (1931) నాయిక జుబేదా ఈ నవాబు కుమార్తె అనే చెబుతారు. ఆమె ఆ తర్వాత హైదరాబాద్‌ ధన్‌రాజ్‌గిర్ ఇంటి కోడలైంది. తెలుగు నేలతో సచిన్‌కు అలా ఒక చుట్టరికం కలిసింది.

రెండో చుట్టరికం నూలు పోగులది. సచిన్ పేరు చెబితే నేటి సూరత్ వాసికి నవాబు కాదు, జీఐడీసీ గుర్తొస్తుంది. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వేసిన ఈ ఎస్టేట్‌లో మరమగ్గాల షెడ్లు, రంగుల అద్దకం మిల్లులు, ఇంజనీరింగ్ యూనిట్లు ఉన్నాయి. పక్కనే ప్రత్యేక ఆర్థిక మండలి కూడా ఉంది. ఇదే రోడ్డు మీద వెనక్కి వెళ్తే ఉధ్నా, అక్కడి నుంచి లింబాయత్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీల కాలనీలు అక్కడ కనిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోందంటే వాళ్ల ఉనికి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మరమగ్గాల వీధిలో అడుగుపెట్టిన కొత్తవారికి కంటి కన్నా ముందు చెవికి పని పడుతుంది. నాడె అటూ ఇటూ విసిరికొట్టే మగ్గాల మోత 90 డెసిబెల్స్ దాటిపోతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే సైగలే. కొత్తవాడికి అదంతా ఒకే రొద. జాబర్‌కు, అంటే మగ్గాలను సరిచేసే మేస్త్రీకి, అందులో ఏ మగ్గం దెబ్బ ఆలస్యమవుతోందో విడిగా వినిపిస్తుంది. స్పానర్ పట్టుకుని నేరుగా ఆ మగ్గం దగ్గరకే వెళ్తాడు.

ఈ విద్య విలువ ఎంతో తెలుసుకోవాలంటే మగ్గాలకు ఏమాత్రం సంబంధం లేదనిపించే ఒక వినోదం వైపు చూడాలి. అది రిమోట్‌తో నడిపే చిన్న కార్ల పందెం.

అరచేతిలో యంత్రం

దుకాణంలో కొని, బ్యాటరీ అయిపోగానే మూలన పడేసే బొమ్మ కాదిది. అసలు కారులో ఉన్నవన్నీ ఇందులోనూ ఉంటాయి: గేర్లు, డిఫరెన్షియల్, స్ప్రింగులు, నూనె నింపిన షాక్ అబ్సార్బర్లు. 1966లో ఇటలీ కంపెనీ ఎలెట్రోనికా జోకాటోలి ఫెరారీ 250 ఎల్‌ఎం నమూనాను మార్కెట్లోకి తెచ్చింది. జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తమియా 1976లో పోర్షే 934తో రంగంలోకి దిగాక ఈ సరదా ప్రపంచమంతా పాకింది. 1979లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. జపాన్ ఆటగాడు మసామి హిరోసాకా 14 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. 1999లో క్యోషో కంపెనీ తెచ్చిన 'మినీ-జెడ్' అసలు కారులో 28వ వంతు. వంటింటి బల్ల మీద పట్టే ఆ కారుకు కూడా విడిభాగాల మార్కెట్ ఒకటి పుట్టుకొచ్చింది.

మన దేశంలో ఈ పందేలను ఎక్కువమందికి పరిచయం చేసినవి ఇంజనీరింగ్ కళాశాలల ఉత్సవాలు. ఐఐటీ బాంబే 'టెక్‌ఫెస్ట్'లో 'ఫుల్ థ్రాటిల్' పేరిట జరిగిన పోటీలో విద్యార్థులు చిన్న ఇంజన్‌తో నడిచే రిమోట్ కార్లను మట్టి ట్రాక్‌పై పరుగెత్తించారు. సచిన్‌కు కొద్ది దూరంలో, సూరత్‌ ఇచ్ఛానాథ్ ప్రాంతంలోని జాతీయ సాంకేతిక సంస్థకూ 'మైండ్‌బెండ్' అనే ఉత్సవం ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారికే కాబట్టి, తెలుగు విద్యార్థి మెకానికల్ బ్రాంచిలో చేరడానికి సూరత్ రావడం వింతేమీ కాదు. అదే నగరంలో తెలుగు జాబర్ కొడుకు ఐటీఐ చదువుతుండవచ్చు. ఇద్దరూ నేర్చుకునేది దాదాపు ఒక్కటే.

జాబర్ బల్ల మీద కారు

పందెపు కారు ఒకదాన్ని తెచ్చి జాబర్ పనిబల్ల మీద పెడితే అతనికి కొత్తగా తోచేవి తక్కువే. కారుకు చేసే మొదటి మార్పు సాధారణంగా బేరింగులదే. కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ బుష్‌లు తీసి బాల్ బేరింగులు వేస్తే రాపిడి తగ్గుతుంది. అదే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. తర్వాత గేర్లు. మోటారుకున్న చిన్న పళ్లచక్రాన్ని కాస్త పెద్దది చేస్తే గరిష్ఠ వేగం పెరుగుతుంది. కానీ మలుపు దాటాక అందుకునే ఊపు తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. పొడవైన ట్రాక్‌కు పనికొచ్చిన పళ్లచక్రం ఇరుకు ట్రాక్ మీద ఓడిస్తుంది.

షాక్ అబ్సార్బర్ల సంగతీ అంతే. చిక్కటి నూనె పోస్తే కారు తూగడం తగ్గుతుంది, గతుకుల్లో మాత్రం ఎగిరిపడుతుంది. పల్చటిది పోస్తే గతుకులు మింగుతుంది, మలుపులో ఒరిగిపోతుంది. ఎండ ముదిరితే నూనె పల్చబడి ఉదయం కుదిరిన లెక్క మధ్యాహ్నానికి తప్పుతుంది. వెనుక చక్రాల ముందు అంచులను లోపలికి కొద్దిగా తిప్పితే కారు నిలకడగా పోతుంది, కానీ కొంత వేగం తినేస్తుంది. మినీ-జెడ్‌లో వెనుక భాగాన్ని పట్టి ఉంచే పల్చని 'టీ-ప్లేట్' ఎంత బిగువుగా ఉందన్నదే మలుపులో గెలుపోటములు తేల్చగలదు.

ఇంజన్ కార్లయితే ఇంకా సున్నితం. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం ఎంత లోపలికి పోవాలో ఒక సూది మర నిర్ణయిస్తుంది. దాన్ని బిగిస్తే ఇంధనం తగ్గి వేగం పెరుగుతుంది. మరీ బిగిస్తే చాలినంత నూనె అందక ఇంజన్ మాడిపోతుంది. వదులు చేస్తే పొగలు కక్కుతూ ఈసురోమంటుంది. వేడి, తేమ కలిసిన సముద్రతీరపు గాలిలో ఆక్సిజన్ తక్కువ కనుక చలికాలం ఉదయం కుదిరిన సర్దుబాటు ఏప్రిల్‌లో పనికిరాదు. అనుభవజ్ఞుడు పొగ చూసి, శబ్దం విని మర ఎటు తిప్పాలో చెబుతాడు.

మరమగ్గం కూడా ఇలాగే అడుగడుగునా బేరమాడుతుంది. పడుగు మరీ బిగిస్తే పోగులు తెగుతాయి, వదిలేస్తే బట్ట ఎగుడుదిగుడు అవుతుంది. నాడెకు తగిలే దెబ్బ తగ్గితే అది సగంలో ఆగి పడుగును తెంపేస్తుంది. దెబ్బ పెరిగితే నాడె ఎదుటి పెట్టెలో పడి వెనక్కి తుళ్లుతుంది, చెక్కలు అరుగుతాయి. పడుగు విడిన క్షణంలోనే నాడె దూరాలి. వేగం పెంచితే బట్ట పెరుగుతుందనేది మొదటి వారం లెక్క. పోగు తెగి మగ్గం ఆగిన నిమిషాలు కూడా కలుపుకుంటే తేలేది రెండో వారం లెక్క. పందెంలో గెలవాలంటే ముందు చివరిదాకా నడవాలన్న సూత్రం మీటరుకింత కూలి తీసుకునే కార్మికుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పందెపు మెకానిక్‌కూ జాబర్‌కూ మరో నియమం కూడా ఉమ్మడిది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం చూడాలి, ఆ తర్వాతే రెండోదాని జోలికి పోవాలి.

ప్రభుత్వమూ ఒక దశలో ఇదే పద్ధతిని అనుసరించింది. 2017 ఏప్రిల్ 1న మొదలైన పవర్‌టెక్స్ ఇండియాలో పాత సాదా మగ్గాలకు అదనపు పరికరాలు బిగించే పథకం ఒకటుంది. పోగు తెగితే మగ్గాన్ని ఆపే సాధనం, పడుగును సమంగా వదిలే ఏర్పాటు, మెరుగైన బ్రేకు వంటివి అందులో ఉన్నాయి. బొమ్మ కార్లవాళ్లు బేరింగులు, స్ప్రింగులు కొని బిగించుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ పథకం గడువు తీరిపోయింది.

చిప్ వచ్చిన వేళ

1990ల నాటి పందెపు కారులో బ్రష్ మోటారు ఉండేది. ఆటగాళ్లు చిన్న లేత్ యంత్రం మీద దాని కమ్యుటేటర్‌ను సానబట్టేవారు, కార్బన్ బ్రష్‌లు, వాటి స్ప్రింగులు మార్చేవారు. డబ్బు లేనివాడు ఓపికతో డబ్బున్నవాడిని ఓడించే అవకాశం అక్కడ ఉండేది. తర్వాత బ్రష్‌లు లేని మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాయి. మోటారు అరుగుదల తగ్గింది, వేగం పెరిగింది. సర్దుబాట్లలో చాలా భాగం కంప్యూటర్‌తో కలిపి అంకెలు మార్చేవిగా మారిపోయాయి.

సూరత్ షెడ్లలో జరుగుతున్నదీ ఇదే. నిమిషానికి నూటికి కాస్త పైగా పోగులు వేసే నాడె మగ్గాల స్థానంలో 600 దాటే వాటర్‌జెట్ మగ్గాలు వస్తున్నాయి. వీటిలో పేకను మోసుకెళ్లేది నీటి ధార. తడిని పెద్దగా పీల్చని పాలిస్టర్, నైలాన్ పోగులకు ఇది సరిగ్గా సరిపోతుంది కాబట్టి కృత్రిమ వస్త్రాల సూరత్‌కు బాగా నప్పింది. 1999లో మొదలైన సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం ఇలాంటి యంత్రాల కొనుగోలుకు దన్నుగా నిలిచింది. వీటిలో పడుగు బిగువు చూసేది సెన్సర్, లోపం చెప్పేది తెర. ఒక మనిషి ఎక్కువ మగ్గాలు చూసుకోగలడు. పాత జాబర్ చెవికి అంత పని ఉండదు.

దీన్ని నష్టమని తేల్చేయడం తొందరపాటు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి నేర్చిన చెవిని చివరకు ఆ మోతే తినేస్తుంది. మరమగ్గాల కార్మికుల్లో వినికిడి లోపం పాత జబ్బే. 12 గంటల షిఫ్టులు కూడా పాతవే. 2022 జనవరి 6న సచిన్ ఎస్టేట్‌లో ఒక ట్యాంకర్ నుంచి అక్రమంగా పారబోసిన రసాయనాల విషవాయువు ఆరుగురు కార్మికులను బలిగొంది. ఇక్కడ వేగానికి శ్రుతి చేసేవాళ్లున్నంతగా భద్రతకు శ్రుతి చేసేవాళ్లు లేరని ఆ తెల్లవారుజామున తేలింది. మోత తగ్గించే యంత్రం వస్తే కాదనడానికి పాతదనం మీది మమకారం ఒక్కటే చాలదు.

ప్రశ్న యంత్రం గురించి కాదు, విద్య ఎవరికి చేరుతుందన్నది. పందెపు కార్ల లోకం దీనికి కొంత సమాధానం వెతుక్కుంది. 'స్టాక్' తరగతిలో అందరికీ ఒకే స్థాయి మోటారు. కొన్నిచోట్ల టైర్లూ ఒకే రకం. డబ్బుతో కొనగలిగేది అంత మేర తగ్గితే, చేత్తో సరిదిద్దగలిగేదే మిగులుతుంది. అయితే ఆ గుమ్మం దాకా వచ్చేదెవరు? బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. చవక దిగుమతుల నుంచి దేశీ తయారీదారును కాపాడటం దాని ఉద్దేశం. పన్నుల పట్టికలో నమూనా కార్లదీ బొమ్మల పద్దే కావడంతో విదేశీ పందెపు కారు ధరా పెరిగింది. మీటరు కూలి మీద బతికే ఇంటి పిల్లవాడికి అది అందని పండు.

అందాల్సింది కారు కాకపోయినా ఫర్వాలేదు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసి సిరిసిల్ల నేతగాళ్లు పేరు తెచ్చుకున్నారు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా మరమ్మతు చేసే చేతికి చిన్నవాటిని నడిపించే నేర్పు కొత్త కాదు. లోటల్లా ఆ నేర్పుకు కాగితం లేకపోవడమే. చిన్న ఇంజన్ సూది మర తిప్పిన విద్యార్థికి ఆ ప్రాజెక్టు ఉద్యోగ దరఖాస్తులో ఒక పంక్తి అవుతుంది. ముప్పై ఏళ్లు మగ్గం మర తిప్పిన జాబర్‌కు అలా రాసుకునే చోటే లేదు. వాటర్‌జెట్ తెర మీద అంకెలు చదవడం నేర్పే కొద్ది వారాల శిక్షణకు అతన్ని పిలిస్తే, పోగు ఎందుకు తెగిందో తెర చెప్పలేనప్పుడు అతను చెప్పగలడు.

సాయంత్రం షిఫ్టు మారే వేళ సచిన్ స్టేషన్ వైపు జనం నడుస్తుంటారు. ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ మాటల మధ్య ఎక్కడో ఒక తెలంగాణ యాస వినిపిస్తుంది. కాస్త గట్టిగానే వినిపిస్తుంది. మగ్గాల మధ్య పనిచేసి వచ్చినవాళ్లకు బయట కూడా గొంతు పెంచి మాట్లాడటం అలవాటు.