ఎండల్లో గులాబీ

గులాబీకి చల్లటి వాతావరణం ఇష్టం. పగటి వేడి 25–28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగి, రాత్రి 15 డిగ్రీల దాకా దిగే రోజుల్లో అది నిండుగా పూస్తుంది. తెలుగునాట అటువంటి రోజులు కార్తీకం నుంచి మాఘం దాకానే. శివరాత్రి దాటాక ఎండ ముదురుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. అంత వేడిలో మొగ్గ తొందరపడి విచ్చుతుంది. రేకలు తగ్గుతాయి, రంగు వెలిసిపోతుంది, పువ్వు త్వరగా వాలిపోతుంది. ఒంట్లోని నీటిని కాపాడుకోవడానికి మొక్క మధ్యాహ్నం పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దాంతో ఆహార తయారీ కుంటుపడుతుంది. అందుకే వేసవి మూడు నెలలూ పువ్వు మీద ఆశ పెట్టుకోకూడదు. ఆకు నిలిచి, వేరు చల్లగా ఉంటే పువ్వులు వానల తర్వాత అవే వస్తాయి.

నీళ్లు పొద్దున్నే, ఎండెక్కక ముందే పెట్టాలి. డాబా మీది ట్యాంకులో, ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. అది నేరుగా పాదులో పడితే పీచువేళ్లు దెబ్బతింటాయి. పైపులోని వేడినీటిని బకెట్‌లోకి వదిలేసి, చల్లటి నీరు వచ్చాకే మొక్కకు పెట్టాలి. పైపైన తడిపితే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి; ముందుగా ఎండేది ఆ పొరే. నేలలో ఉన్న మొక్కకు రోజూ చెంబెడు పోయడం కన్నా రెండు మూడు రోజులకోసారి పాదు నిండా పెట్టడం ఎంతో మేలు. 12 అంగుళాల కుండీకి మాత్రం నడివేసవిలో రోజూ కావాలి, అదీ అడుగు రంధ్రంలోంచి నీరు కారేదాకా.

మధ్యాహ్నం ఆకులు వేలాడగానే కంగారుపడి నీళ్లు గుమ్మరించడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆకు ఆవిరిగా వదిలే నీటిని వేరు అంత వేగంగా అందించలేనప్పుడు, మట్టిలో తడి ఉన్నా ఆకు వాలుతుంది. సాయంత్రానికి తనంతట తానే లేస్తుంది. తెల్లవారినా లేవలేదంటే అసలు చిక్కు అక్కడుంది. అప్పుడు మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు గుచ్చి చూడాలి. పొడిగా తగిలితే దాహం. బురదగా తగిలితే వేరుకుళ్లు అయివుండవచ్చు. కుళ్లుతున్న వేరుకు ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు.

కుండీలో మొక్కకు వేడి నాలుగు వైపుల నుంచీ తగులుతుంది. నర్సరీ వాళ్లిచ్చే నల్ల ప్లాస్టిక్ సంచి ఎండను పీల్చుకుని వేళ్లను ఉడికిస్తుంది. మట్టికుండీ గోడల్లోంచి తేమ ఆవిరవుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది. నీళ్లు కాస్త ఎక్కువ తాగినా వేసవికి అదే మంచిది. కుండీలను కాలిన డాబా మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీదికి ఎక్కించి, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా చేర్చాలి. ఒకదాని నీడ ఇంకోదాని గోడ మీద పడుతుంది.

మొక్క మొదట్లో పరిచే చెత్తను తక్కువగా చూడకూడదు. ఎండుటాకులు, కొబ్బరిపీచు, వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి, ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందాన వేస్తే తడి నిలుస్తుంది, మట్టి వేడెక్కదు. కాండానికి మాత్రం తాకనివ్వకూడదు. తేమ అంటుకుని బెరడు కుళ్లుతుంది. చెదలు ఉన్నచోట అప్పుడప్పుడు కదిపి చూడాలి. నల్లరేగడి నేలలో ఇలా చెత్త పరచడం మరీ అవసరం, ఎందుకంటే ఆ నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడు పీచువేళ్లు తెగిపోతాయి.

పొద్దుటి ఎండ గులాబీకి కావాలి. కాపాడాల్సింది పడమటి ఎండ నుంచి. తూర్పు గోడ పక్క చోటు ఉంటే అంతకు మించినది లేదు. లేనప్పుడు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ పడమటి వైపు, పైన కడితే సరిపోతుంది. పూర్తి నీడలో పెడితే కొమ్మలు సన్నగా సాగి బలహీనపడతాయి.

కత్తిరింపు విషయంలో నిగ్రహం కావాలి. ఆకులే కొమ్మలకు గొడుగు. ఆకు రాలి బోసిపోయిన కొమ్మ బెరడు పడమటి వైపు కాలి గోధుమరంగుకు తిరుగుతుంది. వాడిన పువ్వును దాని కింది తొలి ఐదురెక్కల ఆకు పైన తుంచేస్తే చాలు. పొడవాటి కాడతో కోయడం ఇప్పుడు తగదు. బలహీనమైన మొక్కకు మొగ్గలు చిన్నప్పుడే గిల్లేయడం ఇంకా మంచిది, మనసొప్పకపోయినా సరే. ఎరువులదీ అదే దారి. యూరియా, కోళ్లఎరువు, పచ్చిపేడ వేస్తే ఆకు అంచులు మాడతాయి. బాగా మాగిన పశువుల ఎరువు కొద్దిగా, లేదా పలచటి పేడనీరు చాలు.

పొడి వేడిలో పెచ్చుమీరేది ఎర్రనల్లి. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున బూజులాంటి గూడు దాని గుర్తులు. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు. చూసీచూడనట్టు ఊరుకుంటే మొక్క మొత్తం ఆకు రాలుస్తుంది. పొద్దున్నే ఆకుల అడుగుభాగానికి తగిలేలా నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు కొట్టుకుపోతుంది. కనబడిన పురుగుమందల్లా కొడితే నల్లిని తినే పురుగులు చచ్చి, నల్లి రెట్టింపవుతుంది. వేపనూనె చల్లితే సాయంత్రమే చల్లాలి. గంధకం ఈ ఎండల్లో ఆకును కాలుస్తుంది కాబట్టి దాని జోలికి పోకూడదు.

రకాన్ని బట్టి కూడా తట్టుకునే శక్తి మారుతుంది. పెద్దపువ్వుల హైబ్రిడ్ టీ కన్నా గుత్తులుగా పూసే ఫ్లోరిబండా, నాటు గులాబీ ఎండకు ఓర్చుకుంటాయి. ఐఏఎస్ ఉద్యోగం విడిచి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్, తూర్పు భారతపు చిత్తడి నేలల అడవి గులాబీ క్లైనోఫిల్లాతో సంకరం చేసి వేడిదేశాలకు తగిన రకాలు తయారుచేశారు. తోటల్లోని గులాబీలు ఎక్కువగా చలిదేశాల సంతతే కాబట్టి, ఆ పని విలువ మే నెలలోనే తెలుస్తుంది.

రోహిణి ఎండలు దాటి మృగశిరలో తొలివానలు పడ్డాక షేడ్‌నెట్‌ను ఒక్కసారిగా కాక కొన్ని రోజులు తీస్తూ వేస్తూ తొలగించాలి. ఎండిన పుల్లలను పచ్చదనం తగిలేదాకా కోసి, పాదు గుల్ల చేసి ఎరువు వేయాలి. కొత్త మొక్కలు నాటడానికీ అదే అదను. గట్టి కత్తిరింపు దసరా తర్వాతే.